పోయినదాని చోటు వేరు, వచ్చినదాని చోటు వేరు

పెంపుడు కుక్క సాధారణంగా పది నుంచి పదమూడేళ్లు బతుకుతుంది. గ్రేట్ డేన్ వంటి భారీ జాతులకు ఏడెనిమిదేళ్లే గడువు కాగా, పొమరేనియన్ వంటి చిన్న జాతులు పదిహేనేళ్ల దాకా బతకడం అరుదు కాదు. అందువల్ల కుక్కలను పెంచే అలవాటున్న కుటుంబం ఒక తరంలో రెండు మూడుసార్లయినా ఆ మరణాన్ని చూడక తప్పదు. ఒకే ఈడు కుక్కలను జతగా తెచ్చుకున్న ఇళ్లలో రెండు చావులూ కొద్ది నెలల తేడాతో వచ్చి ఇల్లు ఒక్కసారిగా బోసిపోవడం కూడా జరుగుతూ ఉంటుంది. అటువంటి ఇంటివారికి చుట్టుపక్కల నుంచి రెండు రకాల సలహాలు అందుతాయి: వెంటనే మరో పిల్లను తెచ్చుకుంటే మనసు కుదుటపడుతుందని కొందరంటే, ఇంత బాధపడ్డాక మళ్లీ ఆ జోలికి పోవద్దని ఇంకొందరంటారు. రెండూ ప్రేమతో చెప్పే మాటలే అయినా రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. కొత్త కుక్కపిల్లను అవి పాత దుఃఖానికి మందుగానో, రాబోయే దుఃఖానికి మూలంగానో లెక్కిస్తాయి తప్ప, తన సొంత అవసరాలతో, తన సొంత స్వభావంతో గడప దాటి లోపలికి వస్తున్న ఒక ప్రాణిగా లెక్కించవు.

ఆ దుఃఖం నిజమైనదేనా అన్న సందేహం మాత్రం ఇక అక్కరలేదు. మరణశోకాన్ని అధ్యయనం చేసిన అమెరికన్ పండితుడు కెన్నెత్ డోకా 1989లో గుర్తింపు దక్కని దుఃఖం అనే భావనను ప్రతిపాదించారు. బాధ ఉన్నా దాన్ని బాధగా సమాజం ఒప్పుకోక, బహిరంగంగా ఏడ్చేందుకు చోటు గానీ పలకరించే మనుషులు గానీ లేకపోవడం దాని లక్షణం. తెలుగు ఇళ్లలో మనిషి పోతే చిన్నకర్మ, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం అనే వరుస ఉంది, ఆ వరుసలో బంధువులు వచ్చి కూర్చుంటారు, పోయినవారి మాటలు పదే పదే చెప్పుకుంటారు, అలా చెప్పుకోవడంలోనే బరువు కొంత దిగుతుంది. కుక్క పోయిన ఇంటికి ఇవేవీ లేవు. మర్నాడు ఉదయం యథాప్రకారం ఉద్యోగానికి వెళ్లాలి, ఎవరైనా అడిగితే ‘కుక్కేగా’ అన్న మాట వినాలి. కాబట్టి కొత్త పిల్లను తేవాలన్న ఆలోచన చాలా ఇళ్లలో ఎవరికీ చెప్పుకోలేని దుఃఖానికి బయటి దారి వెతుక్కునే ప్రయత్నంగా మొదలవుతుంది.

మనుషులు కుక్కల కోసం దుఃఖించడం నగర జీవితం తెచ్చిన కొత్త అలవాటని కొందరు అనుకుంటారు గానీ, తవ్వకాలు చెప్పే కథ వేరు. జర్మనీలో బాన్ నగరం పక్కన ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాతి గనిలో పనిచేసేవారికి సుమారు 14 వేల ఏళ్లనాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో పాటు ఒక కుక్క ఎముకలు ఉన్నాయి. వందేళ్ల తరువాత ఆ కుక్క పళ్లను మళ్లీ పరిశీలించిన శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించినదాన్ని బట్టి అది ఏడు నెలలైనా పూర్తిగా నిండని పిల్ల; పంటి పింగాణీ మీద మిగిలిన గుర్తులు అది డిస్టెంపర్ బారిన పడిందని సూచిస్తున్నాయి. డిస్టెంపర్ అంటే జ్వరం, దగ్గు, విరేచనాలతో మొదలై నరాల దాకా పాకి మూర్ఛలు తెప్పించే వైరస్ జబ్బు, ఈనాటికీ మన వీధుల్లో కుక్కపిల్లలను చంపుతున్న జబ్బు. ఆ పిల్ల జబ్బుపడ్డాక కొన్ని వారాలపాటు బతికింది. ఎవరో నీళ్లు తాగించి, ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచకపోతే అలా బతకడం సాధ్యం కాదని ఆ పరిశోధకుల వాదన. వేటకు పనికొచ్చే ఈడు రాని, వచ్చే ఆశ కూడా లేని ఒక పిల్లకు వేటాడి బతికే మనుషులు చేసిన ఆ సేవలో ప్రయోజనం లెక్క ఏదీ కనిపించదు.

దక్కనులోనూ ఇందుకు సాక్ష్యం ఉంది. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన, రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని కాలానికి చెందిన 10వ శతాబ్దపు శాసనం ఒక వేటకుక్కకు స్మారకం. తక్కోలం యుద్ధం తరువాత గంగరాజు రెండవ బూతుగుని అనుచరుడైన మణలేరుడనే వీరుణ్ణి ఏం కావాలో కోరుకోమంటే, అతడు కాళి అనే వేటకుక్కను కోరుకున్నాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చనిపోగా, దాని పేర రాయి నిలిపి, ఆ రాతి పూజ కోసం భూమి కూడా ఇచ్చారు. కుక్క, పంది కలబడుతున్న శిల్పంతో ఉన్న ఆ వీరగల్లు ఇప్పుడు బెంగళూరు ప్రదర్శనశాలలో ఉంది. వెంట వచ్చిన కుక్కను విడిచిపెట్టి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథను తిక్కన తెలుగు చేసి ఏడు వందల ఏళ్లు దాటింది. దుఃఖానికి ఇంత పాత వంశం ఉన్నప్పుడు, ఈనాటి ఇంటివాళ్లు తమ కన్నీళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు.

అయితే ఎంతకాలం ఆగాలి? దీనికి లెక్కగా చెప్పగలిగిన గడువు లేదనడానికి మనోవిశ్లేషకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితమే మంచి ఉదాహరణ. 1917లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఆయన, దుఃఖించడమంటే పోయినవారి మీద పెట్టుకున్న మమకారాన్ని కొద్దికొద్దిగా వెనక్కి తీసుకోవడమని, ఆ పని పూర్తయ్యాకే మనసు మరొకరిని స్వీకరించగలదని సూత్రీకరించారు. ఆయనకు మొదటి సొంత కుక్క డెబ్బై ఏళ్లు దాటాక, 1928లో వచ్చింది. లున్ యుగ్ అనే ఆ చౌ జాతి కుక్క మరుసటి ఏడాది సాల్జ్‌బర్గ్ రైల్వే స్టేషనులో చేజారి పట్టాల మీద చనిపోయింది. తమ ఇంటి బాధ తీవ్రతలో కాకపోయినా తీరులో బిడ్డను పోగొట్టుకున్న బాధను పోలి ఉందని ఆయన అన్నట్టు జీవిత చరిత్రలు నమోదు చేశాయి. 1920లో కూతురు సోఫీని పోగొట్టుకున్న తండ్రి అన్న మాట కనుక దీన్ని తేలికగా తీసుకోలేం. ఆ తరువాత దాదాపు ఏడు నెలలు ఆగి, 1930లో జోఫీ అనే మరో చౌను తెచ్చుకున్నారు. ఏడేళ్లు ఆయన రోగులను చూసే గదిలోనే, వారి ఎదుటనే పడుకుంటూ వచ్చిన జోఫీ 1937 జనవరిలో శస్త్రచికిత్స తరువాత చనిపోయినప్పుడు మాత్రం ఆయన ఆగలేకపోయారు. జోఫీకి పడటం లేదని నాలుగేళ్ల కిందట స్నేహితురాలి ఇంటికి పంపేసిన లున్ అనే మరో కుక్కను వెంటనే వెనక్కి రప్పించుకున్నారు. ఒకే మనిషి, ఒకే జాతి కుక్కలు, ఒకసారి ఏడు నెలలు, మరొకసారి ఒకటి రెండు రోజులు. మొదటిసారి ఆయన ఆగడం సరైనదని, రెండోసారి తొందరపడ్డారని గానీ, దానికి విరుద్ధంగా గానీ తీర్పు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

తరువాతి తరం పరిశోధకులు ఫ్రాయిడ్ సూత్రాన్నే సవరించారు. 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ కలిసి వెలువరించిన గ్రంథం, పోయినవారితో బంధం తెగిపోనక్కరలేదని, దాని రూపం మారి లోపల కొనసాగుతూనే ఉంటుందని, అలా కొనసాగడం జబ్బు లక్షణం కాదని వాదించింది. కుక్కల విషయంలో ఈ సవరణకు ఆచరణలో చాలా విలువ ఉంది. ఎందుకంటే దుఃఖం పూర్తయ్యాకే కొత్త పిల్లను తేవాలనుకునే ఇల్లు ఎన్నటికీ తేలేదు, తెచ్చాక పాతదాని కోసం కన్నీళ్లు వస్తే తప్పు చేశామని కుమిలిపోతుంది. అడగవలసిన ప్రశ్న కన్నీళ్లు ఆగాయా అన్నది కాదు. పోయినదాని పేరు, అలవాట్లు, బాధ్యతలు మోపకుండా కొత్తదాన్ని చూడగలమా, రాత్రి మూడింటికి లేచి దాన్ని బయటికి తీసుకుపోయే ఓపిక శరీరంలో ఉందా, ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నారా అన్నవే అడగవలసినవి. వీటిలో మూడోదాన్ని చాలామంది దాటేస్తారు. సంతోషపెడదామని చెప్పకుండా తెచ్చి ఒడిలో పెట్టిన కుక్కపిల్ల, ఇంకా పాతదాని గొలుసును తలగడ కింద దాచుకుని నిద్రపోయే మనిషికి సంతోషం కలిగించకపోవచ్చు, ఆ నేరం మాత్రం పిల్ల మీద పడుతుంది.

అదే కుక్క మళ్లీ రావాలన్న కోరిక ఎంత బలమైనదో చెప్పడానికి క్లోనింగ్ పరిశ్రమ చాలు. ఒక జీవి కణంలోని జన్యుపదార్థంతో అదే జన్యువులున్న మరో జీవిని పుట్టించడాన్ని క్లోనింగ్ అంటారు. 2005లో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో పుట్టిన స్నప్పీ అనే ఆఫ్ఘన్ హౌండ్ మొదటి క్లోన్ కుక్క. అటు తరువాత చనిపోయిన పెంపుడు కుక్కల నకళ్లను పుట్టించి అమ్మే సంస్థలే వెలిశాయి. అయితే అంతకు ముందే, 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పుట్టిన మొదటి క్లోన్ పిల్లి ఈ ఆశకు హద్దు ఎక్కడో చూపించింది. దాని మూలమైన పిల్లి మూడు రంగుల మచ్చలది కాగా, అవే జన్యువులతో పుట్టిన పిల్ల ఒంటి మీద నారింజ రంగే లేదు, ఎందుకంటే ఏ కణంలో ఏ రంగు జన్యువు పనిచేయాలన్నది పిండ దశలో యాదృచ్ఛికంగా తేలుతుంది. ఒంటి రంగుకే ఇంత తేడా వస్తే, తల్లి దగ్గర గడిపిన వారాలు, తోబుట్టువులతో ఆడిన ఆటలు, మొదటిసారి విన్న టపాసుల మోత, పెంచిన చేతుల ఓర్పు కలిసి తీర్చిదిద్దే స్వభావం తిరిగి అలాగే రావడం జరగని పని. అదే జాతిని, అదే రంగును, అదే పేరుతో వెతికి తెచ్చుకునే అలవాటు కూడా ఇటువంటి ఆశ నుంచి పుట్టినదే. అదే జాతిని ఎంచుకోవడంలో తప్పు లేదు, ఆ జాతి తీరుతెన్నులు ఇంటికి తెలిసి ఉండటం మేలు కూడా. పేరు మాత్రం కొత్తది పెట్టడం మంచిది. పాత పేరు పిలిచినప్పుడల్లా ఇంటివాళ్లు ఎదురుచూసేది వేరే కుక్క కోసం.

ఇది మనసు సంగతి ఒక్కటే అయితే తేలికే. కుక్క పోయిన ఇల్లు కొన్నిసార్లు కంటికి కనిపించని ప్రమాదాన్ని కూడా దాచి ఉంచుతుంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. పాత కుక్క దేనివల్ల పోయిందన్నది కొత్తదాన్ని తెచ్చేముందు పశువైద్యుడితో కూర్చుని తేల్చుకోవలసిన మొదటి విషయం. పార్వో వైరస్ సంగతే తీసుకుంటే, 1978లో మొదటిసారి గుర్తించిన ఈ వైరస్ రెండేళ్లలోపే ప్రపంచమంతా వ్యాపించింది. పేగుల గోడలను, తెల్ల రక్తకణాలు పుట్టే మూలుగను దెబ్బతీసి, వాంతులు, నెత్తురు విరేచనాలతో పిల్లలను కొద్ది రోజుల్లోనే చంపగలదు. జబ్బు కుక్క విసర్జించిన వైరస్ నీడ పట్టు మట్టిలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాది దాకా బతికి ఉంటుంది, మామూలు సబ్బుకూ ఫినాయిలుకూ లొంగదు. గచ్చును ముందు శుభ్రంగా కడిగి, ఒక పాలు ఇళ్లలో వాడే క్లోరిన్ బ్లీచ్ ద్రవానికి ముప్ఫై పాళ్ల నీరు కలిపి, కనీసం పది నిమిషాలు తడిగా ఉంచితే అది చస్తుంది. మురికి మిగిలి ఉంటే బ్లీచ్ పనిచేయదు కనుక కడగడం ముందు, మందు తరువాత. పెరటి మట్టిని మాత్రం ఇలా శుద్ధి చేయడం కుదరదు. పార్వోతో కుక్క పోయిన ఇంటివారు పాత పక్క, బొమ్మలు, చాప తీసేసి, వీలైతే టీకాలు పూర్తయిన కాస్త పెద్ద ఈడు కుక్కను తెచ్చుకోవడం వివేకం. డిస్టెంపర్ వైరస్ ఇందుకు భిన్నంగా బయటి వాతావరణంలో, ముఖ్యంగా మన ఎండలకు, త్వరగా నశిస్తుంది.

రేబిస్ అనుమానంతో కుక్క పోయి ఉంటే మాట వేరు: కొత్త పిల్ల ఆలోచన పక్కనపెట్టి, దాని చొంగ తగిలిన, దాని చేత కరిపించుకున్న లేదా గీరించుకున్న ప్రతి ఒక్కరూ ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. లక్షణాలు బయటపడిన తరువాత ఆ జబ్బు దాదాపు ఎవరినీ వదలదు.

మన ప్రాంతంలో మరొక శత్రువు పిడుదులు. గోమార్లని కూడా అంటారు. కుక్కల్లో తీవ్ర జ్వరం, రక్తహీనత, ముక్కు నుంచి నెత్తురు కారడం వంటి లక్షణాలతో వచ్చే ఎర్లికియా, బెబీసియా జబ్బులను, వాడుకలో టిక్ ఫీవర్ అనేవాటిని, ఇవే మోసుకొస్తాయి. కుక్కలను పట్టే గోధుమ రంగు పిడుదు గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్లలో, గుమ్మాల సందుల్లో. పైగా ఒక్కో ఆడ పిడుదు వేల గుడ్లు పెట్టగలదు, పెద్దవి ఆహారం లేకుండా నెలల తరబడి వేచి ఉండగలవు. పాత కుక్క టిక్ ఫీవర్‌తో పోయిన ఇంట్లో ఆరు నెలలు ఏ కుక్కా లేదు కదా అన్న ధీమా అందుకే చెల్లదు. పగుళ్లు పూడ్చి, మందు కొట్టించి, వచ్చిన పిల్లకు దాని ఈడుకూ బరువుకూ తగిన మందును వైద్యుడి చేతనే నిర్ణయింపజేయాలి.

టీకాల విషయంలో అయోమయం ఎక్కువ కనుక కాస్త వివరంగా చెప్పుకోవాలి. పుట్టిన పిల్ల తల్లి ముర్రుపాల ద్వారా యాంటీబాడీలను, అంటే రోగకారకాలను పట్టి నిర్వీర్యం చేసే రక్షక ప్రోటీన్లను అందుకుంటుంది. అవి పిల్లను కాపాడుతూనే, టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను కూడా శత్రువనుకుని అడ్డుకుంటాయి. ఎనిమిది నుంచి పదహారు వారాల మధ్య ఎప్పుడో అవి తగ్గిపోతాయి గానీ, ఏ పిల్లలో ఏ వారం తగ్గుతాయో బయటి నుంచి తెలియదు. పైగా తల్లి ఇచ్చిన రక్షణ జబ్బును ఆపలేనంతగా తగ్గి, టీకాను మాత్రం అడ్డగించగలిగేంతగా మిగిలి ఉండే కొన్ని రోజుల సందు ఒకటి ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి చొప్పున వేస్తూ, చివరి మోతాదు పదహారో వారంలో గానీ ఆ తరువాత గానీ పడేలా చూడాలన్నది ప్రపంచ పశువైద్య నిపుణుల సూచన. ‘రెండు టీకాలు అయిపోయాయి’ అని అమ్మేవారు చెప్పిన మాట మీద ఆగిపోయిన ఎన్నో ఇళ్లు, చేయవలసినదంతా చేశామని నమ్ముతూనే పిల్లను పోగొట్టుకున్నాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరోసిస్‌కు టీకా వానాకాలపు ముంపు ఉండే ఊళ్లలో తప్పనిసరి.

ఈ వారాలే పిల్ల మనసు రూపుదిద్దుకునే వారాలు కూడా కావడం పెంచేవారికి పెద్ద ఇరకాటం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అయిదు జాతుల కుక్కలను ఏళ్ల తరబడి గమనించి 1965లో ప్రచురించిన గ్రంథం, మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఎవరిని, దేనిని దగ్గరగా చూస్తుందో వాటిని తన లోకంగా స్వీకరిస్తుందని, ఆ గడువు దాటాక కొత్తవన్నీ భయపెట్టడం మొదలవుతుందని నిరూపించింది. టీకాలు పూర్తయ్యేదాకా గదిలో బంధించి ఉంచిన పిల్ల జబ్బు నుంచి తప్పించుకున్నా, జీవితాంతం పిరికిగానో, ఆ పిరికితనం వల్ల కరిచేదిగానో తయారుకావచ్చు. నేల మీద దించకుండా చంకనెత్తుకుని వీధి, బడిపిల్లలు, ఆటోల చప్పుడు చూపించడం, టీకాలు వేసిన నమ్మకమైన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లడం ఇందుకు మధ్యేమార్గం. తల్లి నుంచి మరీ ముందుగా విడదీసిన పిల్ల, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి పుడుతుందో తోబుట్టువుల దగ్గర నేర్చుకోదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు చెబుతున్నా, నెల రోజుల పిల్లలను అట్టపెట్టెల్లో అమ్మడం ఇంకా సాగుతూనే ఉంది. వాటిని జాలిపడి కొనడం కూడా ఆ వ్యాపారాన్ని నిలబెట్టడమే.

జతలో ఒకటి పోయి రెండోది మిగిలిన ఇంట్లో దుఃఖించేవారి లెక్కలో ఆ కుక్కను కూడా చేర్చాలి. ఇటలీలో 426 మంది యజమానులను ప్రశ్నించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, తోటి కుక్క చనిపోయాక మిగిలినదాని ప్రవర్తనలో ప్రతికూలమైన మార్పు వచ్చిందని 86 శాతం మంది చెప్పారు: ఆడటం తగ్గడం, ఎక్కువ నిద్రపోవడం, తిండి తగ్గడం, మనిషిని విడవకుండా తిరగడం వాటిలో ముఖ్యమైనవి. యజమాని బాధకూ కుక్క మార్పుకూ సంబంధం ఉన్నట్టు కూడా ఆ అధ్యయనం గమనించింది. దానికి తోడు కావాలన్న ఉద్దేశంతో తెచ్చే చలాకీ పిల్ల, కీళ్ల నొప్పులున్న పదేళ్ల కుక్కకు తోడు కాకపోగా హింస కావచ్చు. ఇంటి బయట, రెండింటికీ సొంతం కాని చోట మొదటి పరిచయం చేయించి, పెద్దదాని పక్క, గిన్నె దానికే ఉంచి, పిల్ల చేరలేని ఒక మూలను దానికి కేటాయించి, తిండి ముందుగా దానికే పెట్టడం వల్ల చాలా గొడవలు తప్పుతాయి. పెద్దది గుర్రుమంటే కొట్టకూడదు; గుర్రుమనడం హెచ్చరిక, ఆ హెచ్చరికను శిక్షతో అణిచేస్తే తరువాతిది నేరుగా కాటే అవుతుంది.

పిల్లలున్న ఇంట్లో పాత కుక్క గురించి నిజం చెప్పడం మేలు. దాన్ని ఊరికి పంపామనో, నిద్రపోయిందనో చెబితే చిన్నపిల్లలు తిరిగి వస్తుందని ఎదురుచూస్తారు, లేదా నిద్రకే భయపడతారు. ఇక ఇంట్లో అందరూ డెబ్బై దాటినవారే అయితే, పన్నెండేళ్లు బతికే పిల్ల కంటే నాలుగైదేళ్ల వయసున్న, శాంతస్వభావం గల కుక్కను దత్తత తీసుకోవడం ఇద్దరికీ న్యాయం. అటువంటివి జంతు సంక్షేమ సంస్థల వద్ద ఎన్నో ఎదురుచూస్తూ ఉంటాయి, వీధుల్లో పుట్టిన దేశవాళీ పిల్లలు మన వేడికి తట్టుకోవడంలో సైబీరియన్ హస్కీల కంటే ఎంతో మెరుగు. కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను కాసిన జోనంగి వంటి ఆంధ్ర జాతులనూ ఇష్టపడి పెంచేవారున్నారు, అయితే రోజంతా పరుగెత్తే పనికి అలవాటుపడ్డ వంశం కనుక మూడో అంతస్తు ఫ్లాటు వాటికి తగినది కాదు.

పిల్ల ఇంటికి వచ్చాక మొదటి కొన్ని రాత్రులు ఏడుస్తుంది, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి తోబుట్టువుల ఒంటి వెచ్చదనంలో పడుకున్నది అదే మొదటిసారి ఒంటరిగా పడుకుంటుంది. మంచం పక్కనే పక్క వేసి చేయి అందేలా ఉంచితే ఆ ఏడుపు త్వరగానే తగ్గుతుంది. అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. నాలుగో నెలలో పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడు చెప్పులూ కుర్చీ కోళ్లూ కొరుకుతుంది, ఆరు నుంచి పది నెలల మధ్య యుక్తవయసులో నేర్పినదంతా మరిచినట్టు ప్రవర్తిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటివాళ్ల నోట ‘అది ఇలా ఎప్పుడూ చేయలేదు’ అన్న మాట వస్తుంది. వాళ్ల జ్ఞాపకంలో నిలిచింది పాత కుక్క చివరి సంవత్సరాల రూపం. పిలిస్తే వచ్చి, చెప్పినచోట కూర్చుని, పన్నెండేళ్ల సావాసంతో ఇంటి రీతులన్నీ తెలుసుకున్న ఆ ముసలి కుక్కతో ఆరు నెలల పిల్లను పోలుస్తున్నారని వారికి తోచదు. పాత ఫొటోలు తీసి, పాత కుక్క మొదటి ఏడాదిలో పాడుచేసిన వస్తువులను ఒక్కొక్కటిగా గుర్తుచేసుకునే కుటుంబాల్లో ఆ పోలిక చాలావరకు సడలిపోతుంది, పోయినదాని అల్లరి గురించి నవ్వుతూ చెప్పుకునే వీలు కూడా తరచుగా అప్పుడే మొదటిసారి చిక్కుతుంది.